రియాద్‌కి ఫ్యామిలీతోని వస్తున్నరా? నల్లా, సంపు, వాయిత్, బిల్లు సంగతి ముందే చూసుకోండి

సౌదీకి ఫ్యామిలీ వీసా వచ్చిందని ఫోన్ చేసేవాళ్లు రెంట్ ఎంత, స్కూల్ బస్సు ఎట్ల, గోంగూర ఎక్కడ దొరుకుతది అని అన్నీ అడుగుతరు, నీళ్ల గురించి మాత్రం ఒక్కరు కూడా అడగరు. హైదరాబాద్‌లో నల్లా, బోరు, ట్యాంకర్ అన్నీ చూసినోళ్లమే గదా, అక్కడ కూడా అట్లనే ఏదో ఒకటి ఉంటదిలే అనుకుంటరు. ఇక్కడ ఇంటి బోరు అనే మాట లేదు. ఏడాదంతా పారే నది దేశం మొత్తంలో ఒక్కటి కూడా లేదు. రియాద్ సముద్రానికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, 600 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మీరు గ్లాసులో పట్టుకునే నీళ్లలో చాలా వరకు గల్ఫ్ సముద్రం నీళ్లే, ఒడ్డున ఉప్పు తీసి, పైపుల్లో ఎడారి దాటించి, ఎత్తుకి పంపు చేసి తెచ్చినయి. కొంత లోతు బోర్ల నీళ్లు శుద్ధి చేసి కలుపుతరు.

ఇన్ని ఏండ్లు ఇక్కడ ఉండి నేను తెలుసుకున్నది ఒక్కటే, మీటరు దాకా నీళ్లు తెచ్చే బాధ్యత ఒకరిది, మీటరు దాటినంక వేరేవాళ్లది. జేబుకి చిల్లు పడేది, పిల్లలకి కడుపునొప్పి వచ్చేది ఎక్కువ ఆ రెండో ముక్కలోనే. అందుకే ఇల్లు చూసేటప్పటి నుంచి ఖాళీ చేసే దాకా ఏం చెయ్యాల్నో వరసగా రాస్తున్న, కాస్త పెద్దగ అయితది, ఓపికగ చదవండి.

ముందు ఒక డౌట్ తీరుస్త, ఎందుకంటే ఇది తెలియకపోతే ఎవరి మీద కంప్లైంట్ చెయ్యాల్నో తెలియదు. "నీళ్లు ఫ్రెంచ్ కంపెనీకి అమ్మేసిండ్రట గదా, అందుకే బిల్లు" అని మనవాళ్లు రియాద్ బత్హా బజార్‌లో చాయ్ తాగుకుంట అంటుంటరు. అట్ల కాదు. సిటీలో నీళ్లు సప్లై చేసేది నేషనల్ వాటర్ కంపెనీ, అది 2008లో పెట్టిన కంపెనీ, పేరుకి కంపెనీ గానీ పూర్తిగ గవర్నమెంట్ సొంతం. ఆ ఏడాదే రియాద్‌లో నడిపించే పని వియోలియా అనే ఫ్రెంచ్ కంపెనీకి, జెద్దాది సూయెజ్‌కి, తర్వాత మక్కా-తాయిఫ్‌ది సౌర్‌కి (ఈ రెండూ ఫ్రెంచ్ కంపెనీలే) మేనేజ్‌మెంట్ కాంట్రాక్ట్ మీద ఇచ్చిండ్రు. మేనేజ్‌మెంట్ కాంట్రాక్ట్ అంటే పైపులు అమ్ముడు కాదు. పైపులు గవర్నమెంట్‌వే, బిల్లు డబ్బులు గవర్నమెంట్ కంపెనీకే పోతయి, బయటి కంపెనీ వాళ్ల ఇంజనీర్లు వచ్చి లీకేజీలు తగ్గించుడు, సప్లై గంటలు పెంచుడు, ఇక్కడివాళ్లకి పని నేర్పుడు, దానికి ఫీజు, చెప్పిన టార్గెట్లు కొడితే పైన కొంచెం. మళ్ల 2021లో కూడా రియాద్ మేనేజ్‌మెంట్ వియోలియాకే వచ్చింది. రేటు మాత్రం వీళ్లెవరి చేతిలో లేదు, గవర్నమెంటే పెడతది.

అసలైన ప్రైవేట్ పెట్టుబడి సముద్రం ఒడ్డున ఉంటది. ఉప్పు తీసే ప్లాంట్లు ఒకప్పుడు అన్నీ గవర్నమెంట్ సంస్థవే, ఆ సంస్థని 1974లో పెట్టిండ్రు, 2024లో దాన్నే సౌదీ వాటర్ అథారిటీగ మార్చి ఈ రంగం మీద రెగ్యులేటర్ పని కూడా ఇచ్చిండ్రు. ఇప్పుడు కొత్తగ వచ్చే పెద్ద ప్లాంట్లు చాలా వరకు ప్రైవేట్‌వాళ్లు కడుతున్నరు. జెద్దా, మక్కా దిక్కు నీళ్లిచ్చే రాబిగ్-3 ఆక్వా పవర్ అనే కంపెనీ ప్లాంట్, రోజుకి 6 లక్షల ఘనపు మీటర్ల కెపాసిటీ. మన దగ్గర సోలార్ ప్లాంట్ వాళ్లతోని డిస్కంలు 25 ఏండ్ల అగ్రిమెంట్ చేసుకుంటయి చూడండి, సరిగ్గ అదే పద్ధతి, కట్టేది వాళ్లు, కొనేది గవర్నమెంట్ కంపెనీ. దాంట్లో మనకి కనపడేది ఏం లేదు, బిల్లు మీద వాళ్ల పేరు కూడా ఉండదు. నా మనసులో మాట చెప్తున్న, ఈ ఏర్పాటు మంచిదే, ఎందుకంటే రిస్కు తీసుకునేటోడు ఎవడో క్లియర్‌గ ఉంది. క్లియర్‌గ లేనిది మన బిల్డింగ్ లోపలనే, ఇప్పుడు దాని దగ్గరికి వస్త.

ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు మక్తబ్ అఖార్ వాడు, అంటే రెంటల్ ఆఫీసు వాడు, హాలు ఎంత పెద్దగుందో, కిచెన్ ఎంత కొత్తగుందో చూపిస్తడు. మీరు కిందికి దిగి హారిస్‌ని పట్టుకోండి. హారిస్ అంటే మన వాచ్‌మన్, ఎక్కువ మంది బంగ్లాదేశ్, యెమెన్, సూడాన్ వాళ్లు, కొన్ని బిల్డింగుల్లో మన జగిత్యాల, సిరిసిల్ల వాళ్లే ఉంటరు, మనోడైతే అదృష్టమే. ఆయనకి తెలిసినంత ఓనర్‌కి కూడా తెల్వదు. "సలాం భాయ్" అని మంచిగ మాట్లాడి మీటర్లు ఎన్ని ఉన్నయి, బిల్డింగ్ మొత్తానికి ఒకటేనా ఫ్లాట్‌కొకటా, నల్లా నీళ్లు వారంలో ఎన్ని రోజులు వస్తయి, పోయిన ఎండాకాలం వాయిత్ ఎన్నిసార్లు తెప్పించిండ్రు, డ్రైనేజీ లైనుకి కలిసిందా లేక బయారానా అని అడగండి. వాయిత్ అంటే ట్యాంకర్. సౌదీలు ట్యాంకర్‌కి వాడే మాట అదే, ఆ మాట రాకపోతే ఫోన్‌లో ఎవరికీ అర్థం కాదు. బయారా అంటే సెప్టిక్ ట్యాంక్, అది నిండినప్పుడల్లా ఇంకో రకం వాయిత్ వచ్చి ఎత్తుకపోవాలె, దాని డబ్బులు కూడా ఎవరిస్తరో ముందే తేల్చుకోవాలె.

బయారా అంటే చిన్న విషయం అనుకోకండి. జెద్దాలో ఏండ్ల తరబడి చాలా ఇండ్లకి డ్రైనేజీ లైన్ లేక ట్యాంకర్లు మురుగు ఎత్తుకపోయి ఊరి తూర్పు దిక్కు పారబోసేవి, అట్ల పోసి పోసి ఒక చెరువే తయారైంది, దానికి కస్తూరి చెరువు అని పేరు, మిస్క్ లేక్. 2009 నవంబర్ వరదలప్పుడు దాని కట్ట తెగుతదేమో అని ఊరంతా భయపడ్డది, ఆ తర్వాతనే దాన్ని ఎండగొట్టిండ్రు. అందుకే లైనుకి కలిసిన బిల్డింగ్ దొరికితే రెంట్ కొంచెం ఎక్కువైనా దాన్నే తీసుకోండి.

హారిస్‌తోని మాటలైనంక సంపు మూత తీపించి చూడండి. మొహమాటపడొద్దు. మూత రబ్బరు మంచిగున్నదా, పక్కన మురుగు చాంబర్ ఎంత దూరంలో ఉంది, లోపల టార్చి కొడితే అడుగు కనపడుతుందా, నీళ్ల మీద పొర ఏమన్నా ఉందా. తర్వాత డాబా మీదికి ఎక్కి ఫైబర్ ట్యాంక్ చూడండి, మూత లేని ట్యాంకులు మస్తు ఉంటయి ఇక్కడ, ఒక్క దుమ్ము తుఫాను వస్తే చాలు, ట్యాంక్ అడుగున ఎర్రమట్టి వేలు మందాన పేరుకుంటది. సముద్రం నుంచి అంత ఖర్చు పెట్టి తెచ్చిన నీళ్లు ఆఖరి పది మీటర్లలో పాడైతయి. ట్యాంక్ కడిగి ఎన్నాళ్లైంది అని అడిగితే హారిస్ నవ్వి ఊరుకున్నడంటే అర్థం చేసుకోండి. ఏడాదికి రెండుసార్లు కడిగిపిస్త అని ఓనర్‌తోని ఒప్పించుకుని సంతకం పెట్టండి, ఈజార్ అనే గవర్నమెంట్ రెంటల్ సైట్‌లో రిజిస్టర్ అయ్యే కాంట్రాక్ట్‌లో నీళ్ల బిల్లు ఎవరిదో రాసి ఉంటది, అది అరబిక్‌లో ఉంది కదా అని వదిలేయకుండా ఫోన్ కెమెరాతోని అనువాదం చేసి చదవండి. "మోయా ఫ్రీ", అంటే నీళ్లు ఫ్రీ, అని నోటితోని చెప్పింది కాగితం మీద లేకపోతే అది లేనట్టే.

ఇగ అసలు ముచ్చట, బిల్లు. ఇది బాగా అర్థం చేసుకోండి, చాలామంది ఇక్కడనే మోసపోతరు.

2016 జనవరి నుంచి ఇండ్లకి వచ్చిన స్లాబులు ఇవి, నెలకి మొదటి 15 ఘనపు మీటర్లకి నీళ్లకి 10 హలాలాలు (వంద హలాలాలు ఒక రియాల్), డ్రైనేజీకి 5, కలిపి 15 హలాలాలు. ఘనపు మీటర్ అంటే వెయ్యి లీటర్లు, ఇక్కడ మాటల్లో టన్ను అంటరు. 16 నుంచి 30 దాకా టన్నుకి రెండూ కలిపి 1.50 రియాల్, 31 నుంచి 45 దాకా 4.50, 46 నుంచి 60 దాకా 6, 60 దాటితే 9 రియాల్లు. దీని మీద వ్యాట్. చూసిండ్రు కదా, 15 హలాలాల నుంచి 9 రియాల్లకి, అంటే 60 రెట్లు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకి 200 లీటర్లు వేసుకున్నా నెలకి 24 టన్నులు, బిల్లు 15.75 రియాల్లు. అంటే బఖాలాలో, అంటే కిరాణా కొట్టులో, పాలు, పెరుగు కొన్నంత డబ్బు. ఉప్పు తీసి 400 కిలోమీటర్లు తెచ్చిన నీళ్లకి అది ఏ లెక్కన చూసినా చవకే, మిగతా ఖర్చు గవర్నమెంట్ భరిస్తున్నది.

మరి కొందరికి వందల రియాల్లు ఎందుకు వస్తయి అంటే, బిల్డింగ్‌కి ఒక్కటే మీటరు ఉంటే, ఆ మీటరు కింద ఎన్ని ఇండ్లున్నయో కంపెనీ రికార్డులో రాసి ఉండాలె. వాడకాన్ని ఆ సంఖ్యతోని భాగించి స్లాబు వేస్తరు. రికార్డులో ఒకటే ఇల్లు అని ఉంటే బిల్డింగ్ మొత్తం వాడకం ఒకే ఇంటిదన్నట్టు లెక్క పడతది. మా పాత బిల్డింగ్ సంగతే చెప్త. 12 ఫ్లాట్లు, ఒకటే మీటరు, ఓనర్ ప్రతి నెల బిల్లుని 12తోని భాగించి వాట్సాప్‌లో పెట్టేటోడు, ఒక్కొక్కరికి వంద రియాల్లకి అటూ ఇటూ వచ్చేది, అందరం కట్టేటోళ్లం. పక్క సందులో మా ఊరి వదిన వాళ్లది ఇంకా పెద్ద కుటుంబం, వాళ్లకి 20 రియాల్లు కూడా రాదు. ఒక శుక్రవారం వదినే కూర్చోబెట్టి రెండు బిల్లులు పక్కపక్కన పెట్టి చూపించింది, వాళ్ల బిల్లులో ఇండ్ల సంఖ్య దగ్గర 8 అని ఉంది, మా దాంట్లో 1 అని ఉంది. అంతే.

లెక్క చేసి చూడండి. 12 ఫ్లాట్లు తలా 15 టన్నులు వాడితే మొత్తం 180. రికార్డులో 12 అని ఉంటే ఒక్కో ఇంటికి 2.25, మొత్తం బిల్డింగ్‌కి 27 రియాల్లు. అదే రికార్డులో 1 అని ఉంటే మొదటి 60 టన్నులకి 182.25, మిగతా 120 టన్నులకి తొమ్మిది చొప్పున 1080, మొత్తం 1262.25. నీళ్లు అవే, మనుషులు వాళ్లే, ఒక్క అంకె మార్పుకి 27 ఎక్కడ, 1262 ఎక్కడ. ఆ రోజు ఇంటికొచ్చి కాగితం మీద ఈ లెక్క వేసినప్పుడు నాకు నిజంగ కడుపు మండింది, రెండేండ్లు కట్టినం అట్ల.

మా ఓనర్ ముందు "కంపెనీ వాళ్లే తింటున్నరు" అన్నడు. ఆయన కూడా మోసం చేద్దామని కాదు, పట్టించుకోలేదు అంతే, జేబులోంచి పోయేది మా డబ్బు గదా. ఇండ్ల సంఖ్య మార్పించుకునే పని ఓనర్‌దే, కనెక్షన్ ఆయన పేరు మీద ఉంటది కాబట్టి ఆయన అకౌంట్‌తోనే అప్లై చెయ్యాలె, మనం చెయ్యలేం. అందుకే కొట్లాడొద్దు, పది మంది కిరాయిదారులు కలిసి లెక్క కాగితం తీసుకుని, హారిస్‌ని వెంట పెట్టుకుని, చాయ్ టైముకి పోయి కూర్చోండి. మేం అట్లనే చేసినం, మూడో నెల నుంచి బిల్లు దిగింది. హైదరాబాద్‌లో ఇది కొత్త కాదు, 2021 జనవరిలో 20 వేల లీటర్ల ఫ్రీ నీళ్ల స్కీం పెట్టినప్పుడు అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ ఫ్లాట్‌కి ఆధార్ లింక్ చేసుకోవాల్సి వచ్చింది గుర్తుందా, లింక్ చెయ్యనోళ్లకి ఫ్రీ రాలేదు. ఇక్కడ కూడా కిటుకు అదే, రికార్డులో మీ ఇల్లు ఒక ఇల్లుగ ఉండాలె.

ఆ 2016లో ఇదంతా ఒక్కసారిగ మీద పడ్డది సౌదీలకి కూడా, అప్పటి దాకా బిల్లు అనేదే పట్టించుకోనోళ్లకి వేలల్లో వచ్చేసరికి గోల గోలైంది, ఆ ఏప్రిల్‌లో కింగ్ సల్మాన్ నీళ్ల మంత్రినే తీసేసిండు. అంటే రేటు గురించి అడగాల్సింది ఎవరిని అనేది ఇక్కడి జనానికి తెలుసు. నడిపే కంపెనీ ఏదైనా, రేటు రాజకీయమే.

బిల్లు ఉన్నట్టుండి పెరిగితే ఏం చెయ్యాలె. రాత్రి పడుకునే ముందు ఇంట్లో అన్ని నల్లాలు కట్టేసి, మీటరు ఫొటో తియ్యండి, పొద్దున ఎవరూ లేవకముందే మళ్ల తియ్యండి. సొంత మీటరైతే ఇది సరిపోతది. కామన్ మీటరైతే సంపు నిండినంక చూడాలె, సంపులో ఫ్లోట్ ఉంటది, ఇక్కడ అవ్వామా అంటరు, అది పాడైతే నీళ్లు నిండి పొర్లి చప్పుడు కాకుండ డ్రైన్‌లోకి పోతనే ఉంటయి, ఎవరికీ తెల్వదు. పెద్ద బిల్లులకి నేను చూసిన కారణాల్లో సగం అవ్వామాలే, మిగతా సగం టాయిలెట్ ఫ్లష్, దాన్ని సిఫోన్ అంటరు. ఫ్లష్ ట్యాంక్‌లో కొంచెం పసుపు నీళ్లు పోసి అరగంట ఆగండి, కింద గిన్నెలో పసుపు రంగు కనపడితే లీకు అన్నట్టు. చిన్న రబ్బరు వాషర్ మార్పిస్తే అయిపోతది.

నీళ్లు ఆగిపోతే వరస ఇది, ముందు పక్క ఫ్లాట్ వాళ్లని అడగండి, వాళ్లకి వస్తుంటే మీ వాల్వ్. బిల్డింగ్ మొత్తానికి లేకపోతే సంపులో నీళ్లున్నయా చూడాలె, ఉంటే దినమో పాడైంది, దినమో అంటే మన మోటర్. సంపు కూడా ఖాళీ అయితే పక్క బిల్డింగ్ హారిస్‌ని అడగండి, వీధి మొత్తానికి లేకపోతేనే అది కంపెనీ విషయం. అప్పుడు నేషనల్ వాటర్ కంపెనీ యాప్‌లో కంప్లైంట్ పెట్టండి, లేదా ఓనర్‌తోని పెట్టియ్యండి, నంబర్ వస్తది, ఆ నంబర్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. నంబర్ లేకుండ మీరు ఎంత తిరిగినా కంప్లైంట్ చేసినట్టు లెక్క కాదు.

వాయిత్ తెప్పించుకోవాల్సి వస్తే యాప్‌లోంచే బుక్ చెయ్యండి, నీళ్లు నింపే స్టేషన్‌ని అష్యాబ్ అంటరు, అక్కడి నుంచి వచ్చిన నీళ్లకి లెక్క ఉంటది. రోడ్డు మీద ఆగి ఉన్న వాయిత్ వాడు తొందరగ వస్తడు గానీ ఆ నీళ్లు ఎక్కడ నింపిండో మీకు తెల్వదు, కన్‌స్ట్రక్షన్‌కి, చెట్లకి పోసే బోరు నీళ్లు కూడా అదే సైజు ట్యాంకర్లలో తిరుగుతయి. 12, 19, 32 టన్నుల బండ్లు ఉంటయి, మీ సంపు ఎంత పడతదో తెల్వకుండ పెద్దది చెప్తే మిగిలిన నీళ్ల డబ్బు వాడు వాపస్ ఇయ్యడు. పైపు సంపులో పెట్టకముందు ఒక తెల్ల బకెట్‌లో పట్టండి. రంగు చూడండి, వాసన చూడండి, నాలుక మీద ఒక చుక్క వేసుకోండి, ఉప్పగ ఉంటే వద్దని చెప్పి పంపియ్యండి, డ్రైవర్ అరిచినా సరే. ఒకసారి సంపులో పడ్డదంటే అది పన్నెండు ఇండ్ల నీళ్లు.

తాగడానికి చాలామంది ఐదు గ్యాలన్ల బాటిల్ తెప్పించుకుంటరు, మేం కూడా అంతే. కంపెనీ మీటరు దాకా ఇచ్చే నీళ్లతోని సమస్య లేదు, సంపు, ట్యాంక్ సంగతి తెలిసినంక ధైర్యం చాలదు. పిల్లలకి ఫార్ములా పాలు కలిపేటోళ్లయితే బాటిల్ నీళ్లే కాచి వాడండి.

ఎండాకాలంలో ఇంకొకటి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా డాబా మీది ట్యాంక్ కాలి కాలి చల్ల నల్లాలో కూడా పొగలొచ్చే నీళ్లు వస్తయి, పసిపిల్లలకి స్నానం పోసేటప్పుడు చెయ్యి పెట్టి చూడకుండ పొయ్యొద్దు. గీజర్ స్విచ్ తీసేయండి, గీజర్ ఇంటి లోపల ఏసీ చల్లదనంలో ఉంటది కాబట్టి దాంట్లో నీళ్లు చల్లబడతయి, అప్పుడు వేడి నల్లా తిప్పితే చల్లనీళ్లు వస్తయి. మా అమ్మ వచ్చినప్పుడు ఎర్ర గుర్తున్న నల్లా తిప్పమంటే భయపడ్డది, రెండు రోజులకి అలవాటైంది.

సెలవులకి ఇండియా పోతే ఫ్లాట్ మెయిన్ వాల్వ్ కట్టేసి, మీటరు ఫొటో తీసి పోండి, తిరిగొచ్చినంక మొదటి పది నిమిషాలు నీళ్లు వదిలేసి తర్వాత వాడుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మీటరు మీ పేరు మీద ఉంటే సదాద్ అనే బిల్లులు కట్టే సిస్టంలో బకాయి మొత్తం కట్టి, ఆఖరి రీడింగ్ ఫొటో తేదీతో సహా ఓనర్‌కి వాట్సాప్ చేసి, ఆయన దగ్గర "ఖలాస్" అనిపించుకుని తాళం ఇయ్యండి.